మేనమామ చేసిన పీట

ధనరాజ్‌కు యాభై మూడేళ్లు. పొందూరు దగ్గర పల్లెలో వరి, చోళ్లు పండించుకోవడమే తప్ప ఏనాడూ ఉలి పట్టి ఎరగడు. కానీ వాళ్ల ఇళ్లలో పెళ్లికూతురు కూర్చునే పీటను మేనమామ తన చేత్తో చెయ్యాలి. చెల్లెలు ఈశ్వరి కూతురు నీలవేణికి సంబంధం కుదిరింది. మేనమామ తనే.

రాంబాబు, ధనరాజ్ చిన్ననాటి స్నేహితులు, బావా అంటే బావా అనుకునేవాళ్లు. రాంబాబుకు ఊరి చివర కలప అడితి ఉంది.

"రంపం, ఉలి, కొయ్య సుత్తి. మూడుంటే సాలు బావా. సిత్రిక లేపోతే గాజుపెంకుతో గీకు" అని తన పాత రంపం ఇచ్చి, పట్టడం నేర్పాడు. పనస చెక్కా తనే ఇచ్చాడు.

"ఎండిందేనా?"

"రెండేళ్లయ్యింది. నీలవేణి నాకు పరాయిదేటి?"

ధనరాజ్ నెల రోజులు పశువుల శాల నీడలో, దేవుడికి దణ్ణం పెట్టుకుని పనికి కూర్చునేవాడు. మొదటి కోత వంకరపోయింది. పక్కింటి లక్ష్మణమ్మ మజ్జిగ చెంబు అరుగు మీద పెట్టి, "సూసి కొయ్యి నాయినా, ఏలు కూడా పీటలో కలిపీగలవు" అనేది. పీట తయారై, అద్దంలా నునుపు తేలింది.

పెళ్లి ఇంకా నాలుగు రోజులుందనగా పీట అంచు నుంచి నడిమిదాకా పగిలింది. పగిలిన పీట మీద పెళ్లికూతుర్ని కూర్చోబెట్టరు.

ధనరాజ్ దాన్ని చంకన పెట్టుకుని అడితికి వెళ్లాడు. రాంబాబు ఆశ్చర్యపోలేదు. అదే ముందు గుచ్చుకుంది.

"ఎండు సెక్కలన్నీ కొత్తవలస నుంచొచ్చినాయన తలుపులకి పట్టుకుపోనాడు. పచ్చిదే మిగిలింది. నీకేటి తెలుస్తాదిలే అనుకున్నాను."

"నీలవేణికని తెలుసు గదా."

"తెలుసు. పెళ్లిదాకా ఆగుతాదనుకున్నాను. తరవాత పగిలితే ఎవులు సూస్తారు బావా?"

ధనరాజ్ రంపాన్ని అక్కడి దుంగ మీద పెట్టి వచ్చేశాడు.

సంగతి విన్న లక్ష్మణమ్మ తన అటక మీది చెక్క పలక దింపించింది. "మా ఆయన ఉండగా ఎక్కించింది. ఇంకెండడానికి దాన్లో ఏటీ లేదు." పొందూరులో ముఖపరిచయమైనా లేని వడ్రంగి రంపం అరువిచ్చాడు. ఇచ్చే ముందు కూర్చుని పళ్లకు పదును కూడా పెట్టాడు.

మూడు రోజుల్లో పీట అయింది. కాస్త మొరటుగానే ఉంది. పెళ్లినాడు నీలవేణి దాని మీద కూర్చుని, పసుపు కాళ్లు సర్దుకుని, మేనమామ వైపు చూసి నవ్వింది.

భోజనాల దగ్గర రాంబాబు గొంతు వినిపించింది. "రంపం పట్టడం మా బావకి నేనే నేర్పినాను." నలుగురూ మెచ్చుకున్నారు. అది అబద్ధం కాదు.

రాంబాబు వచ్చి, పక్క విస్తరి చూపించి, "జరుగు బావా" అన్నాడు. నలభై ఏళ్లుగా ఏ పెళ్లిలోనైనా ఆ చోటు అతనిదే.

"లక్ష్మణమ్మ వస్తాదండి" అన్నాడు ధనరాజ్.

'బావా' బదులు ఆ 'అండి' విని రాంబాబు వరస చివరి విస్తరి వైపు నడిచాడు.