రెండుసార్లు వచ్చే గంట

అన్వర్ బెన్నూనా మొరాకో దేశపు తెతువాన్‌లోని ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాడు. సాయంత్రాలు జీతం లేని మరో కొలువు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల మా లినక్స్ పంపిణీలో పదకొండేళ్ళుగా ఒక చిన్న ప్రోగ్రాము ప్యాకేజీకి అతడే సంరక్షకుడు. రెండు వేళల మధ్య ఎంత సమయం గడిచిందో లెక్కించడమే ఆ ప్యాకేజీ పని. దాన్ని ఎవరెవరు వాడుతున్నారో అతనికి తెలియదు. తెలిసినది ఒక్కటే చోటు: అక్క కౌసర్ రాత్రి నర్సుగా పనిచేసే ప్రసూతి ఆసుపత్రి. అక్కడి కంప్యూటర్లను అతడే అమర్చాడు; ప్యాకేజీ కొత్త కూర్పులను అవి తమంతట తామే తీసుకుంటాయి. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు మందు ఎప్పుడు వేయాలో తెర మీద కనిపిస్తుంది. ఆ తెర వెనక నడిచే లెక్క అన్వర్‌ది.

సంరక్షకుడు పంపిన ప్రతి కొత్త కూర్పునూ మా పరీక్షా యంత్రాలు ముందుగా నడిపి చూస్తాయి. తప్పు దొరికితే ఎరుపు, లేకుంటే పచ్చ. ఎరుపు వచ్చినది గడప దాటదు. అయితే యంత్రాల మీద పని పేరుకున్నప్పుడు నిష్కారణంగానూ ఎరుపు వస్తుంది. అందుకోసం ‘మళ్ళీ నడుపు’ అనే బటన్ ఉంది. దాన్ని ఎన్నడూ నొక్కని సంరక్షకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

రంజాన్‌కు ముందరి శనివారం, మధ్యాహ్నం భోజనమయ్యాక, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నుంచి అన్వర్‌కు మెయిలు వచ్చింది. “పోయిన నెల మీరు పంపిన కూర్పుకు మొదటి రెండుసార్లూ ఎరుపు వచ్చినట్టు ఉంది. ఎందుకో చూశారా?”

చూడలేదు. మూడోసారి పచ్చ రాగానే అతడు టీ పెట్టుకోవడానికి లేచిపోయాడు.

ఇప్పుడు ఆ రెండు నివేదికలూ తెరిచాడు. ఏడాదిలోంచి కొన్ని క్షణాలను యంత్రాలు నడిపే టెస్టు ప్రతిసారీ గుడ్డిగా ఎంచుకొని లెక్క సరిచూస్తుంది. రెండుసార్లూ ఒకే గంట మీద దాని వేలు పడింది. మూడోసారి పడలేదు. అంతే తేడా. అది మొరాకో గడియారాలు రంజాన్ కోసం వెనక్కి తిరిగే గంట; మూడు కొట్టగానే మళ్ళీ రెండయ్యే గంట. రెండూ యాభైకి ఒక శిశువుకు మందు వేశారనుకుందాం. ఇరవై నిమిషాల తరవాత గడియారం రెండూ పది చూపిస్తుంది. కొత్త కూర్పు దాన్ని మర్నాటి రెండూ పది అనుకొని, మందు వేసి ఇరవై మూడు గంటలు దాటిందని చెబుతుంది. మళ్ళీ వేయమంటుంది.

ఆ గంట ఈ రాత్రే వస్తుంది.

తెలియకపోవడం ఒకటి. తెలియజెప్పడానికి వచ్చినదాన్ని గుమ్మంలోనే ఆపి, పచ్చబట్టలు కట్టుకొని రమ్మనడం మరొకటి. అన్వర్‌కు ఆ తేడా అరికాళ్ళలో తెలిసింది. వెంటనే పాత కూర్పుకు తన డిజిటల్ సంతకం చేసి పంపాడు. యంత్రాలన్నీ దాన్ని పరీక్షించి వదిలేసరికి తెల్లవారిపోతుంది. అక్క ఫోను ఎత్తడం లేదు. అతడు ఆమె ఇంటికి పరుగెత్తాడు.

కౌసర్ పండుగ నెలకు తేనెలో ముంచే శబ్బాకియా మిఠాయి వేయిస్తోంది. మోచేతుల దాకా పిండి.

“అక్కా, ఈ రాత్రి డ్యూటీ నీదేనా?”

“నాదే. ఏంట్రా ఆ మొహం? ఎవరైనా పోయారా?”

“ఇంకా లేదు.”

ఆమె పొయ్యి ఆపింది. అతడు చెప్పినదంతా నిలబడే విన్నది.

“మరి నీ టెస్టు ఏం చేస్తోంది? టెస్టులు, టెస్టులు అని పదకొండేళ్ళుగా మా బుర్రలు తిన్నావుగా!”

“అది పట్టుకుంది. రెండుసార్లు. నేనే మళ్ళీ నడిపాను.”

“అంటే, జ్వరం చూపించిన థర్మామీటర్ని విదిలించి విదిలించి, తగ్గిందనేదాకా పెడుతూనే ఉన్నావన్నమాట. మా వార్డులో ఏ నర్సు పిల్లయినా ఆ పని చేస్తే ఏం చేస్తానో తెలుసా?”

“తెలుసు.”

“తెలీదు. తెలిస్తే చేసుండేవాడివి కాదు.”

“నేనిప్పుడే వచ్చి పాతది పెట్టేస్తానక్కా. పది నిమిషాల పని.”

“టెస్టు లేకుండానా? మళ్ళీ నడిపిన ఆ చేతులతోనా? ఇవాళ ఆ కంప్యూటర్ దగ్గరికొస్తే కాళ్ళు విరగ్గొడతా. కాగితం మీద రాసుకుంటాం.” చేతులు తుడుచుకుంటూ ఆగింది. “మా ఆసుపత్రి ఒక్కటేనా?”

“తెలీదు. ఎవరైనా తీసుకోవచ్చు. అడిగి తీసుకోరు.”

“మరి ఇక్కడ నిలబడి నా శబ్బాకియాకేసి చూస్తావేంరా? పో. రాయి.”

సాయంత్రం నమాజు పిలుపు వచ్చేలోగా, తన ప్యాకేజీ మీద తానే అత్యంత తీవ్రమైన ఫిర్యాదు నమోదు చేసి, మా మెయిలు జాబితాలన్నిటికీ పంపాడు. “రెండుసార్లు ఎరుపు వచ్చింది. నేను చదవలేదు. మొరాకోలో దీన్ని వాడుతున్నవారు ఈ రాత్రి దీని లెక్క నమ్మవద్దు.” దీన్ని ధైర్యమని నేను అనను. ఇంకే దారీ లేని భయం మనిషి చేత కొన్నిసార్లు సరైన వాక్యం రాయిస్తుంది.

ఆదివారం ఉదయం కౌసర్ ఒక ఫొటో పంపింది. గళ్ళు గీసిన కాగితం మీద ఆరుగురు శిశువుల పేర్లు, వేసిన మందులు. రెండు నుంచి మూడు దాకా ఉండే గంటకు వేర్వేరుగా రెండు గడులు. రెండో గడిలో ఆరుగురి ఎదుటా, మందు వేయలేదని, అడ్డగీత. కింద ఆమె చేతిరాత:

“అందరూ బాగున్నారు. తెర ఆపలేదు, ఏం చేస్తుందో చూద్దామని. ముగ్గురికి మళ్ళీ వేయమంది.”