తాతయ్య చిలకలు, నార్వే గుమ్మాలు

నార్వే అన్న మాటని చాన్నాళ్ళు 'నారు వెయ్' అనే అనుకున్నవాణ్ణి కాబట్టి, మొన్న ఆ దేశంలో, పేరు పలికితే సున్నుండ గుర్తొచ్చే ఓలెసుండ్ అనే రేవు ఊళ్ళో ఎండుచేపల వాసన తగలగానే, పరాయి దేశంలో దిగానో బందరులో దిగానో ఒక క్షణం తేలలేదు.

తొంభైల్లో ఒక తొలకరికి, దివిసీమంతా నారుమళ్ళ హడావుడిలో ఉండగా, సెంటు పొలం లేని మా మావయ్య ఓడలో పనికి కుదిరి "నార్వే వెళ్తున్నా"నంటే, ఓడెక్కి మరీ నారు వేసొస్తాడు కాబోలని బడంతా చాటాను.

సెలవులన్నీ బందరులో అమ్మమ్మగారింట్లోనే. సున్నం పని మేస్త్రి అయిన తాతయ్య తన గుమ్మం మీద సున్నంతోనే తీగలూ పూలూ, ముక్కూ ముక్కూ ఆనించుకున్న చిలకల జంటా తీర్చుకున్నాడు. వానలు వెనకబట్టాక ఏటా గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి, ఒక బెల్లం ముక్క నా నోట్లో వేసి, నిచ్చెనెక్కి ఉప్పుగాలి కొరికినచోటల్లా పూడ్చేవాడు. అమ్మమ్మ ఎండురొయ్యల పులుసు ఘుమఘుమలూ ఆయన వెనకే నిచ్చెనెక్కేవి. చిలకలపూడి గిల్టు నగల బేరానికి వెళ్ళేవాళ్ళు మా ముందు ఆగి తలెత్తి చూస్తుంటే, అవేవో నేనే చేసినట్టు అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేవాణ్ణి.

తిరిగొచ్చిన మావయ్య ముందరి గోడ చెక్కించి టైల్సు వేయిస్తానన్నాడు. ఓలెసుండ్ చూసొచ్చాడట, అక్కడ ఇళ్ళన్నీ అద్దంలా నున్నగా ఉంటాయట, చిలకలూ పూలూ పాతకాలపు వేషాలట. ఫారిన్ చూసినవాడికి ఎదురేముంది, నేనూ తలూపాను. తాతయ్య మాత్రం, "ఉప్పుగాలే తినలేకపోయింది, నువ్వు తినకురా" అన్నాడు. సుత్తి దెబ్బలు మొదలయ్యాక పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

ఇప్పుడు చూద్దును కదా, ఓలెసుండంతా మా తాతయ్య వచ్చి వెళ్ళినట్టుంది. ఒకప్పుడు కాలిపోతే మళ్ళీ కట్టుకున్న ఊరట. ఏ గోడ చూసినా తీగలు, మొహాలు, గుమ్మాల మీద పక్షులు. ఎక్కడెక్కడి జనమో వాటిని చూడ్డానికే వస్తున్నారు. మెడ నొప్పెట్టింది గానీ గర్వం దిగలేదు; మా చిలకల ముందు వాళ్ళ పక్షులు దిగదుడుపే.

మావయ్య మా ఇంటి వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే గులాబీతో గుడ్ మార్నింగ్ పెడతాడు. దాని కింద ఒక గుమ్మం ఫొటో పెట్టి, ఓలెసుండ్ నుంచి శుభోదయం మావయ్యా, అన్నాను. అలా రోజుకో గుమ్మం. కొన్నాళ్ళు గులాబీలే వచ్చాయి. ఆఖరికి ఫోన్ చేశాడు.

"మమ్మల్ని ఓడ దిగనివ్వలేదురా. రేవులో గోడౌన్లే చూశాను."

ఆ చిలకల్ని మళ్ళీ చేసేవాళ్ళు బందరులో ఉన్నారేమో కనుక్కోమన్నాడు. మేస్త్రులూ లేరు, గానుగ సున్నమూ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మర్నాడు గులాబీ రాలేదు. నేను మాత్రం ఇంకో గుమ్మం పెట్టాను.