లూసక్క సంగటి

మా ఆయన పేరు మాల్యాద్రి. సొంతూరు పెద్దారవీడు. పదహారో ఏట మార్కాపురం వచ్చి పలకల పనిలో చేరాడు, ఇప్పుడు నలభై తొమ్మిది. రాయిని చెవి దగ్గర పెట్టుకుని సుత్తితో చిన్నగా తట్టి, ఎక్కడ ఉలి పెడితే పొర విడుతుందో చెప్పేస్తాడు. రాతి మాట అంత బాగా వినబడే మనిషికి ఇంట్లో పెళ్లాం మాట మాత్రం వినబడదు.

బయటి తిండి ముట్టడు. శ్రీశైలం వెళ్లేటప్పుడు దోర్నాలలో అందరూ హోటళ్లలో కూర్చుంటే, ఈయన బస్సు పక్కన నిలబడి నేను కట్టిచ్చిన అన్నం మూట విప్పుతాడు. నా చేతి వంటంటే అంత ఇష్టమని పెళ్లయిన కొత్తలో మురిసిపోయాను. ఇరవై నాలుగేళ్లలో బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. ఉప్పు తక్కువైతే మాత్రం చెబుతాడు.

అలాంటి మనిషిని ఫ్యాక్టరీ ఓనరు సురేష్ పోయిన సెప్టెంబరులో ఇటలీకి తీసుకెళ్లాడు. వెరోనా అనే ఊళ్లో రాళ్ల ఎగ్జిబిషనట. చేత్తో పలక విడగొట్టడం అక్కడివాళ్లకు చూపించాలట. ఏడు రోజులకు సరిపడా పచ్చళ్లు, పొడులు, మరమరాలు కట్టి పంపాను. తిరిగొచ్చాక సంచి విప్పితే గోంగూర సీసా మూత కూడా తీయలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

అప్పటి నుంచి ఊళ్లో రాళ్ల ఎగ్జిబిషన్‌కని ఇటలీ వెళ్లేవాళ్లందరూ మా ఇంటికే రావడం మొదలుపెట్టారు. అక్కడ మన నోటికి తిండి దొరకదు, మాల్యాద్రిని అడిగితే చెబుతాడని సురేష్ అందరికీ చెప్పి పెట్టాడు. నేను టీలు కాచి ఇస్తుంటే ఈయన మంచం మీద కాళ్లు మడిచి కూర్చుని పాఠం చెప్పేవాడు.

"ఊరి మధ్యలో పెద్ద మైదానం ఉంటది. అక్కడ కుర్చీలేసిన హోటళ్లలో కూచోబాకండి. మంచినీళ్లకు గూడా డబ్బులే. ఎగ్జిబిషన్ గేటు కాడ బస్సెక్కి ఏటి వంతెన కాడ దిగండి. వంతెన దాటినాక ఎడం పక్క మూడో సందు. ఏడున్నరైతే గానీ తలుపు తీయరు, ముందే పోయి నిలబడబాకండి. లోపల ఆరు బల్లలే. లూసక్క అని ఉంటది. మాంసం వొద్దని చేత్తో చూపిస్తే చాలు. మొక్కజొన్న పిండితో సంగటి చేసి పెడతది, అచ్చం మన సంగటే. దాని మీద ఎర్రగా టమేటా కూర. అబ్బ, ఏం రుచి."

ఏం రుచి. ఆ మాట ఆయన నోట్లో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను చేతిలో టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడిపోయాను. ఆమె అసలు పేరు లూచియా అట. ఈయన నోటికి లూసక్క అయింది. దారిన పోయే ఆడవాళ్లందర్నీ అక్కా, పెద్దమ్మా అని పిలిచే మనిషే, కాదనను. కానీ ఏ అక్క వంటనూ ఇంతగా పొగడలేదు.

ఆ రాత్రి నుంచి నా బుద్ధి నా మాట వినలేదు. ఆమె వయసెంత, లావా సన్నమా, బొట్టు పెట్టుకోని ఆ ముఖం ఎలా ఉంటుంది, ఇవే ఆలోచనలు. సంగటి చేసినప్పుడల్లా ఆయన ముఖంలోకి చూసేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక మన సంగటి బాగుందా, ఆమెదా అని అడిగేశాను. "అది వేరు, ఇది వేరు" అన్నాడు. అంటే ఆమెదే బాగుందని కదా.

పోయిన శనివారం సురేష్ మళ్లీ ఎవరో ఇద్దరు వ్యాపారస్తులను తీసుకొచ్చాడు. ఈయన మాటల్లోనే వాళ్లను వంతెన దాటించి సందులోకి తిప్పుతుండగా సురేష్ ఫోను తీసి, "అత్తా, నువ్వు చూడలేదు కదా, మామ అక్కడ ఏం చేసినాడో చూడు" అని నవ్వుతూ నా చేతికిచ్చాడు.

వీడియో. యాభై ఏళ్ల మనిషి, పొట్టి జుట్టు, నడుముకు తెల్లటి గుడ్డ కట్టుకుంది. ఆమె పక్కన పెద్ద రాగి గిన్నె. ఆ గిన్నెలో తెడ్డు పట్టుకుని సంగటి కలుపుతున్నది మా ఆయన. వంటగదికి తలుపు కూడా లేదు. బల్లల దగ్గర కూర్చున్న జనమంతా చూస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. ఈయన కెమెరా వైపు చూసి పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.

"పాపం, లూసక్కకు భుజం నొప్పంట. ఎగ్జిబిషన్ నాలుగు రోజులూ నేనే కలిపినా" అని వ్యాపారస్తులకు చెప్పాడు.

ఫోను సురేష్‌కి ఇచ్చి లోపలికి వెళ్లిపోయాను. ఇంకాసేపు అక్కడుంటే ఏదో ఒకటి అనేసేదాన్ని. నా కుడి చెయ్యి రెండేళ్లుగా పైకి లేవదు. జడ వేసుకోవాలన్నా ఎదురింటి రోశమ్మక్కను పిలవాలి. అత్త ఉన్నప్పుడు ఎనిమిది మందికి, ఇప్పుడు నలుగురికి, రోజూ సంగటి కలిపిన చెయ్యి ఇది. నొప్పి అంటే ఈయన బామ్ తెచ్చిచ్చాడు. అంతే. ఏడు సముద్రాల అవతల ఎవతో తన భుజం పట్టుకుని చూపిస్తే మాత్రం తెడ్డు అందుకున్నాడు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం నూకలు ఉడికాయి, రాగిపిండి పోశాను. తెడ్డు తీసుకెళ్లి మంచం మీద ఆయన పక్కన పెట్టాను.

"ఏందే ఇది?"

"లూసక్కకు కలిపినట్టు నాకూ కలుపు."

"నీకేమన్నా తిక్కా? ఆమె భుజం నొప్పి అన్నది."

"నేననలేదా? రెండేళ్ల నుంచి అంటున్నా. రాత్రిళ్లు ఏ పక్క పడుకుంటానో కూడా నీకు తెల్దు. ఆమె ఒక్కసారి అంటే వినబడింది, నాది వినబడలా."

ఏడవకూడదనుకున్నాను. ఏడుపొచ్చేసింది. ఆయన నా చేతి వైపు చూశాడు. తర్వాత లేచాడు. పొయ్యి దగ్గరికి కాదు, ముందు వీధి తలుపు దగ్గరికి వెళ్లి గడియ పెట్టి వచ్చాడు.

"తలుపెందుకు?" అన్నాను.

"చూసినోళ్లు ఏమనుకుంటారే?"

"అక్కడ ఊరంతా చూసింది గదా."

"అక్కడ నన్ను ఎరిగినోళ్లెవరున్నారు?" అని గిన్నెను గుడ్డతో పట్టుకుని కలపడం మొదలుపెట్టాడు.

బాగా కలుపుతున్నాడు. నాకంటే బలంగా, అంచుల నుంచి లోపలికి. అది చూస్తుంటే సంతోషం రావాలి కదా, రాలేదు. ఇంకా మండింది. ఆమెకు నలుగురిలో చేసి పెట్టాడు, నవ్వుతూ చేశాడు. నాకు తలుపు మూసి, దొంగతనం చేస్తున్నట్టు. ఇలా చాటుగా ఇచ్చే దాని కోసమా నేను ఏడ్చింది?

సంగటి సగం కలిపి వదిలేస్తే ఉండలు కడుతుంది. పట్టిన తెడ్డు వదలడానికి ఉండదు. అది నాకు తెలుసు. లేచి వెళ్లి గడియ తీసి రెండు రెక్కలూ బార్లా తెరిచాను.

"ఏయ్, ఏయ్ రజినీ" అన్నాడు వెనక నుంచి. చేతులు ఆపలేదు.

ఎదురింటి అరుగు మీద రోశమ్మక్క చింతపండు ఒలుస్తోంది. తలెత్తి మా ఇంట్లోకి చూసింది. "ఏంది మాల్యాద్రీ, నువ్వు పొయ్యి కాడ కూచున్నావు?" అంది. ఆమె పక్కనున్న ఇద్దరు కూడా ఇటు తిరిగారు. నేను గడప మీద కూర్చుని ఆయన వైపే చూశాను. తెడ్డు ఒక్క క్షణం ఆగింది.

"మా రజినికి చెయ్యి లేవట్లేదక్కా" అన్నాడు, వీధిలోకి వినబడేలా. "రెండేళ్లయింది. ఇయ్యాలే విన్నా."