రెక్కల బ్రేకు డ్రమ్ములు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. అంత తెలివీ తర్వాత ఎటు పోయిందో గానీ, అది ఉన్నన్నాళ్లూ చుట్టుపక్కల వాళ్లకు ఎంత చేటు చేసిందో ఇప్పుడు తలుచుకుంటే దిగులేస్తుంది. ఆటోమొబైల్ డిప్లొమా చేతికొచ్చి ఏడాది కాలేదు. శ్రీకాకుళంలో మా మేనమామ బ్రేకుల షాపులో పనికి కుదిరాను. పొద్దస్తమానం లారీల బ్రేకులకు అరిగిన లైనర్లు పీకి కొత్తవి కొట్టడమే అక్కడి పని. నేను మాత్రం పాత కార్ల పిచ్చివాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చేరి, ఫోన్లో దొరికిందల్లా చదివి, చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము చూసి బండి జాతకం చెప్పగలనని నమ్మేవాణ్ణి. (చెప్పమని ఎవరూ అడిగేవారు కాదు. అది వేరే సంగతి.)

ఆ వానాకాలం నౌపడ నుంచి ఒక నల్లటి పాత కారు, ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని, మా షాపుకొచ్చింది. వెంట ఒక రిటైరైన టీచరమ్మ. భర్త రైల్వేలో ఫిట్టరుగా చేసేవారట, కిందటేడు పోయారట. అప్పట్నుంచీ బండి కదల్లేదు. "మూడు వారాల్లో ఆయన జ్ఞాపకార్థ కూడిక బాబూ. సమాధి కాడ ప్రార్థన పెట్టుకున్నాం. ఆయన బండిలోనే ఎల్లాలని నా ఆశ. ఇంజను మా ఊళ్లో బాగుసేయించినాను. బ్రేకులే పట్టడం నేదు" అంది. మావ చక్రం వంక చూసి "రెండ్రోజుల పనమ్మా" అన్నాడు.

ముందు చక్రాలు విప్పింది నేనే. అలాంటి కార్లకు డ్రమ్ములు నున్నగా ఉంటాయి. వీటికి చుట్టూ రెక్కలున్నాయి, వేడి తొందరగా ఆరడానికి పెట్టే రకం. లోపల కొలిస్తే ఏ పట్టికలోనూ లేని కొలత వచ్చింది. మట్టి గీకితే అంచు దగ్గర ఉబ్బెత్తుగా ఒక గుర్తు, ముడుచుకుని పడుకున్న తేలులా. "మావా, ఇది మన దేశం సరుకు కాదు. ఏదో పరాయి దేశం రేసు కారుది" అన్నాను.

"ఏ దేశవైతే ఏటిరా? లోపల గాడి పడిపోనాది. లేతు మీద సెక్కించి లైనర్లు కొట్టీ."

"చెక్కితే పాడైపోతాది మావా. వీటికి అసలు బ్రేకు షూలు తెప్పించాలి."

మావ చదువుకోలేదు. నా డిప్లొమా మీద ఆయనకు నాకంటే ఎక్కువ గౌరవం. ఇంకేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఫొటోలు గ్రూపుల్లో పెట్టాను. ఒకాయన ఫలానా దేశం అన్నాడు, ఇంకొకాయన కాదన్నాడు, వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారు. నేను జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. టీచరమ్మ ఫోన్ చేసినప్పుడల్లా రెక్కల మహత్యం వివరించేవాణ్ణి. ఒకసారి "మీవారు మామూలు మనిషి కాదమ్మా, ఇలాంటివి సంపాదించారంటే" అన్నాను. ఆవిడ "నాకెప్పుడూ సెప్పనేదు బాబూ" అంది. అది సంతోషం అనుకున్నాను. ఆయన తన దగ్గర ఇంకేం దాచారోనని ఆవిడ రాత్రులు నిద్రపోలేదని తర్వాత తెలిసింది.

కూడిక రోజు వచ్చేసింది. షూలు రాలేదు. ఎక్కడా లేనివి ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆవిడ వానలో ఆటో ఎక్కి వెళ్లింది. సాయంత్రం ఫోన్ చేసి, "అయిపోయింది బాబూ. ఇంక తొందరేటీ నేదు, నెమ్మదిగా సెయ్యండి" అంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు మావ ఒక డ్రమ్మును గోనెసంచిలో పెట్టి, నన్ను విజయనగరం బస్సెక్కించాడు. అక్కడ పోతపని చేసే ముసలాయన ఉన్నాడు, అందరూ పోతల తాత అంటారు. ఆయన డ్రమ్మును లుంగీతో తుడిచి చూశాడు.

"ఇది నాను పోసిందేరా. రైల్వే ఫిట్టరు బాబు సేయించుకున్నాడు. పాతవి పగిలిపోనాయి, ఎక్కడా దొరకనేదు. మోటారు సైకిలు ఇంజను సూపించి, ఇలాగే రెక్కలెట్టమన్నాడు."

"మరి ఈ గుర్తేటి తాతా?"

"ఇసక అచ్చులో మేకుతో ఆయనే రాసీసినాడు. తిరగేసి రాయాలని నాను సెప్పేలోపే. పోత పోసీసరికి ఎడం కుడైపోనాది." గోడకున్న గెడ్డం గీసుకునే అద్దం తీసి దాని ఎదుట పట్టాడు. తేలు లేదు. తెలుగు 'ఎ' ఉంది. "పెళ్లాం పేరులో మొదటి అచ్చరవట" అన్నాడు తాత.

మూడు వారాలు నేను ప్రపంచమంతా వెతికింది ఒకటో తరగతి పిల్లలు పలక మీద దిద్దే అక్షరాన్ని.

డ్రమ్ములు చెక్కించి లైనర్లు కొట్టడానికి ఒక పూట పట్టింది. బండి నేనే నౌపడ నడిపించుకెళ్లి, తలొంచుకుని ఉన్నదంతా చెప్పాను. చక్రం విప్పి గుర్తు చూపించాను. ఆవిడ నేలమీద కూర్చుని, వేలితో దాన్ని తడిమింది.

"తెలుగు టీచర్ని బాబూ. నలభై ఏళ్లు కాపురం సేసినాను. ఆయన సేత ఒక్క అచ్చరం తిన్నగా రాయించలేకపోనాను" అంది. నవ్వుతోందనుకున్నాను. నవ్వడం లేదు.

ఆ పూటే ఆవిణ్ణి సమాధుల దొడ్డికి తీసుకెళ్లాను, రెండు రోజులు ఆలస్యంగా. ఉప్పుమడుల మీద మబ్బు కమ్మి ఉంది. ఆవిడ సమాధి ముందు నిలబడి, "మీ బండిలో రావడానికి ఆలీసమైనాది. నా ఒంట్లో బాగోనేదు, అందుకే" అని చెప్పింది. నా మాట ఎత్తలేదు. నేను వెనక నిలబడి ఉండలేకపోయాను. ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, "కాదండీ, నా వల్లేనండీ. నేను తెలీక..." అని మొదలుపెట్టాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఊరుకో బాబూ. రైల్వే షెడ్డులో సుత్తి దెబ్బలకి ఆయనకి ఎప్పుడో సెవుడొచ్చీసినాది."

ఇప్పుడు నాకు ముప్పై. చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన రోజున "నాకు తెలీదమ్మా" అనలేక, ఆఖరికి చెవిటాయన సమాధికి సంజాయిషీ చెప్పుకున్న ఆ డిప్లొమా కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. గట్టిగా మాత్రం రాదు.