తమ్ముడి రెండో సూది

నా చిన్నప్పుడు, అంటే మాదాపూర్‌లో గుట్టలు పేల్చి అద్దాల ఆఫీసులు కడుతున్న రోజుల్లో, నా అంత నమ్మకంగా అబద్ధమాడే పిల్ల మా వాడలో ఇంకొకతె ఉండేది కాదు. నాకు ఎనిమిదేళ్లు. ఆ ఎండాకాలం నా అబద్ధాలన్నీ మూడు నెలల తమ్ముడి కోసమే ఖర్చయ్యాయి.

అమ్మానాన్నలు పొద్దున్నే ఆ కట్టడాల దగ్గరికి పనికి పోయేవారు. ఇంట్లో నానమ్మ, నేను, తమ్ముడు. నెలన్నర వయసులో వాడికి మొదటి సూది వేస్తే సాయంత్రానికల్లా ఒళ్లు కాగిపోయింది, తొడ గట్టిపడింది. రెండు రోజులు నానమ్మ వాణ్ని ఒళ్లోంచి దించలేదు. జ్వరం తగ్గింది కానీ ఆమె భయం తగ్గలేదు.

"మంచిగున్న పోరన్ని రోగం పాలు చేసిన్రు. ఇగ నర్సమ్మ వస్తే తమ్మున్ని ఎత్తుకొని కొట్టంలకు పో," అని నాకు పని అప్పజెప్పింది.

నర్సమ్మ భుజానికి నీలం డబ్బా తగిలించుకుని ఎండలో నడిచి వచ్చేది. డబ్బాలో మంచు, మంచులో మందు. రెండుసార్లు సందులో ఎదురైతే, తమ్ముడు చందానగర్‌లో మేనత్త ఇంట్లో ఉన్నాడని కళ్లార్పకుండా చెప్పాను. వెనక సందులో ఇద్దరు పిల్లలు కోరింత దగ్గుతో అల్లాడుతున్నారు బిడ్డా, తమ్ముణ్ని తొందరగా తెమ్మని ఇంట్లో చెప్పు అంది. నేను బుద్ధిమంతురాలిలా తలూపాను.

మూడోసారి ఆమె చెప్పాపెట్టకుండా ఇంటికే వచ్చింది. నేను తమ్ముణ్ని చంకనేసుకుని బర్రెల కొట్టంలోకి ఉరికాను. వాడు ఊరుకుంటేనా? కెవ్వుమన్నాడు. తలెత్తి చూస్తే గుమ్మంలో నర్సమ్మ. వాణ్ని లాక్కుంటుందని గుండెలకు హత్తుకున్నాను. ఆమె డబ్బాను నీడలోకి జరిపి, నా పక్కనే గడ్డి మీద చతికిలబడింది. నీ సూదితోనే వాడికి జ్వరమొచ్చిందని ఏడుస్తూ కసిరాను.

అప్పుడే గుట్ట దగ్గర సీటీ మోగింది. రాళ్లు పేల్చే ముందు ఎర్ర జెండా మనిషి ఊదే ఈల అది. నేను ఏడుపు ఆపి, తమ్ముడి చెవులు మూసి, గోడ వారకు జరిగాను. ధడేల్‌మని పేలింది. అంతా సద్దుమణిగాక, ఇదంతా నీకెవరు నేర్పారని నర్సమ్మ అడిగింది. మొదట్లో పేలుడు లేకుండా ఉత్త సీటీలు ఊది అలవాటు చేశారనీ, మొదటి రోజు వాడంతా ఎటు పడితే అటు పరిగెత్తిందనీ, నానమ్మ కుండ పగలగొట్టుకుందనీ చెప్పాను. రెండు మూడు సార్లయ్యాక అందరికీ ఎక్కడికి పోవాలో తెలిసిపోయింది.

"సూది గూడ గంతే బిడ్డా. దాంట్ల ఉన్నయి సచ్చిన క్రిములు, ఒట్టి సీటీ. ఒంట్ల కావలుండేటోళ్లు దాన్ని జూసి ఉరుకుతరు, మొకం గుర్తు పట్టుకుంటరు. గా ఉరుకుల్ల కొందరికి జ్వరమొస్తది, కొందరికి రాదు. ఒక్కసారికి గట్టిగ గుర్తుండదు, గందుకే ఇంకో రెండు."

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఇప్పుడైనా వాణ్ని ఎత్తుకుంటుందేమో అనుకున్నాను. ఎత్తుకోలేదు. పెద్దావిడ ఒప్పుకోకుండా వెయ్యనని, నన్నే వెళ్లి చెప్పమంది.

చెప్పాను. సీటీ, కుండ, కావలివాళ్లు, అన్నీ కలిపి ఒక్క గుక్కలో. నానమ్మ నావైపు చూడనైనా లేదు.

"ఇంతకు గా సూది ఏ రోగానికి?" అని నా వెనకే వచ్చిన నర్సమ్మను అడిగింది.

కంఠసర్పికి, ధనుర్వాతానికి, కోరింత దగ్గుకి అని ఆమె చెప్పింది. నానమ్మ గడప మీద కూలబడింది.

"కోరింత దగ్గుకా? మా పెద్దోడు గట్లనే పోయిండమ్మా. దగ్గి దగ్గి నీలమైండు. నా ఒళ్లెనే పోయిండు. రెండేండ్లు వానికి."

మా నాన్నకు ఒక అన్న ఉండేవాడని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఆయన పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తగా వినలేదు. నానమ్మ ఆ పేరును రెండుసార్లు మెల్లగా అంది. నర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే పెద్దమ్మా. ఇన్నిసార్లొచ్చి తీస్కరా, తీస్కరా అన్న గని, దేనికో ఒక్కపారి చెప్పలె," అంది. నా అబద్ధాల సంగతి మాత్రం ఎత్తలేదు.

తమ్ముడి కాలు నానమ్మే పట్టుకుంది. వాడు ఏడ్చాడు, వాడికంటే ఎక్కువ ఆమె ఏడ్చింది. సాయంత్రం మళ్లీ ఒళ్లు వెచ్చబడితే తడిగుడ్డ వేస్తూ, "ఉరుకుతున్నరు తియ్, ఉరకనీ," అంది. మూడో సూదికి నర్సమ్మ కోసం తనే సందు చివర నిలబడి ఎదురుచూసింది.

ఆ రోజు నుంచి, భయపడేవాళ్లను తెలివితక్కువవాళ్లని అనాలంటే నాకు నోరు రాదు. వాళ్లకు ఎవరైనా విడమరచి చెప్పారా అని ముందు అడుగుతాను. నా పిల్లలకు సూది వేయించేటప్పుడు కూడా, వాళ్లకు అర్థమైనా కాకపోయినా, ఏది దేనికో చెప్పాను. కోరింత దగ్గు దగ్గరికి వచ్చేసరికి మా నాన్న అన్న సంగతి కూడా చెప్పాను. మా పెద్దనాన్నకు ఎప్పటికీ రెండేళ్లే. నా చిన్న కూతురు ఆయనకంటే ఎప్పుడో పెద్దదైపోయింది.