వంగిన పట్టీ

మా జగ్గయ్యపేట కాలేజీలో ఆ భౌతిక శాస్త్రవేత్తకు సంస్మరణ సభ పెడుతున్నామని ఛైర్మన్ గారు చెప్పినప్పుడు, నిజం చెప్పొద్దూ, మురిసిపోయాను. ఆయనది చందర్లపాడు దగ్గర పల్లె. అల్యూమినియంలో కాస్త రాగి కలిపితే ఆ మెత్తటి లోహానికి అంత బలం ఎక్కణ్ణుంచి వస్తుందో ఎక్స్-రేలతో వెతుకుతూ జీవితమంతా గడిపిన మనిషి. పై దేశాల వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. మా వాళ్లకు మాత్రం ఆయన పోయాక గానీ గుర్తుకు రాలేదు.

నా ఆశ నాది. ఫిజిక్స్ ల్యాబ్ ఎత్తేసి, ఆ గదిలో ఎంట్రన్స్ బిట్లు రుద్దించాలని యాజమాన్యం ఎప్పటినుంచో చూస్తోంది. "ముఖ్య అతిథికి మీ ప్రయోగం నచ్చిందనుకోండి, ల్యాబ్ ఉంచేద్దాం మేడం," అన్నారు ఛైర్మన్ గారు. ఇన్నేళ్లుగా నేను పాఠం చెప్పిన గది, నందిగామ నుంచి వచ్చే ఓ ప్లాట్ల వ్యాపారి మెప్పు మీద ఆధారపడిందన్నమాట!

విజయవాడ నుంచి రాగి కలిసిన అల్యూమినియం పట్టీలు రెండు తెప్పించాను. వాటిని కొలిమిలో బాగా కాల్చి నీళ్లలో ముంచితే ముందు మెత్తగానే ఉంటాయి. అలా వదిలేస్తే, నాలుగైదు రోజుల్లో లోపల రాగి పరమాణువులు అక్కడక్కడా గుంపులు కట్టి, పట్టీ దానంతట అదే గట్టిపడుతుంది. ఒకదాన్ని వారం ముందే కాల్చి, ముంచి తీసి పక్కన పెట్టాను, రెండోదాన్ని సభ రోజు పొద్దున ముంచాను. ముందు మెత్తటిది, తర్వాత గట్టిది వంచమని అతిథిని అడగాలనుకున్నాను.

అతిథి మైకు పట్టుకుని దంచాడు. శాస్త్రవేత్త వీధి దీపం కింద చదువుకున్నాడట. ఆయన చిన్నప్పుడు ఆ పల్లెకు కరెంటే లేదు, దీపం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో! ఏరు ఈదుకుంటూ బడికెళ్లాడట. బడి వాళ్లింటి పక్కనే. ఆయన చేసిన పని గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. తెలిస్తే కదా చెప్పడానికి!

నా వంతు వచ్చింది. మెత్తటి పట్టీ చేతికిచ్చాను. ఇట్టే వంచేసి పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇదేం బలమండీ మేడం? మా ఇంట్లో గరిటె నయం!"

హాలంతా గొల్లుమంది. "ఇప్పుడు ఇది వంచండి సార్," అని రెండోది అందించేలోపే నా చేతిలో మైకు లాగేసుకున్నారు, శాలువాలు మొదలయ్యాయి. ఆ తర్వాత భోజనాలు. బిర్యానీ వాసన తగిలాక పరమాణువులెవరికి కావాలి! గట్టి పట్టీ పట్టుకుని వేదిక పక్కన అలాగే నిలబడిపోయాను. ఒళ్లు మండిపోయింది.

వారం తిరక్కుండానే ల్యాబ్ బల్లలు వరండాలోకి వచ్చేశాయి. వాటి మీద సామాన్ల మధ్య ఆ వంగిన పట్టీ కనిపించింది. తిన్నగా తీసుకెళ్లి ఛైర్మన్ గారి ముందు పెట్టాను.

"ఆ రోజు మీ అతిథి గారు వంచింది ఇదేనండి. కాస్త సాపు చేసివ్వండి."

నవ్వుతూ అందుకున్నారు. రెండు చేతులతో లాగారు. మోకాలికి ఆనించి మరీ నొక్కారు. ముఖం కందిపోయింది గానీ, పట్టీ వంపు వంపులాగే ఉంది.

"గట్టిదే సుమండీ," అంటూ బల్ల మీద పడేసి, చేతులు దులుపుకున్నారు. "మరి ఆ రోజే ఇలా ఉండొచ్చుగా మేడం?"

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఆ మహానుభావుడు జీవితం ధారపోశాడు. జవాబు చేసి చూపించడానికి నాకో గది కావాలి. ఆ గది గుమ్మం మీద అప్పటికే ఆయన పేరు రాయించారు. లోపల బిట్లు రుద్దిస్తున్నారు.