తలుపు తీసేసిన వంటిల్లు

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. మా ఇంట్లో అలకడం మొదలైన రోజే నాకు తద్దినం మొదలైంది.

సూర్యాపేటలో మాది పాత డాబా ఇల్లు. దాన్ని కొత్తగా చేయించాలని పోయినేడు మా ఆయనకు బుద్ధి పుట్టింది. పుట్టించింది కోదాడలో ఉండే ఆయన అక్క. ఆమె ఫోన్లో పంపే ఫొటోలే మాకు శాసనాలు. హాల్లో ఫాల్స్ సీలింగు, దాని అంచున రంగులు మారే లైట్లు. పడకగదిలో గోడంతా జలపాతం ఉన్న వాల్‌పేపరు. ఎండాకాలం నల్లాలో చుక్క రాదు గానీ, మంచం పక్కన మాత్రం నీళ్లు దూకుతూనే ఉంటాయి. స్నానాల గదిలో అడుగు పెడితే జారే టైల్సు వేశారు. ఇవన్నీ నోరు మూసుకుని చూశాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ తరవాత వంటింటి మీద పడ్డారు.

ఆ వంటింటికి టేకు తలుపు ఉండేది. లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంటే, ఆ ఇంట్లో నాకంటూ ఉన్న చోటు అదొక్కటే. పడకగది ఆయనది, హాలు వచ్చేపోయేవాళ్లది. మా అమ్మ పోయి, మిర్యాలగూడ నుంచి తిరిగొచ్చాక నేను ఏడ్చింది ఆ తలుపు వెనకే. కర్మలు అయిపోయాక ఇంకా ఏడిస్తే ఇంటికి అరిష్టమని మా ఆయన ముందే చెప్పి పెట్టాడు మరి. చెల్లెలికి ఫోన్ చేసి ఆయన్ని కడుపారా తిట్టుకున్నదీ అక్కడే.

ఆడబిడ్డ కోదాడ నుంచి బస్సు దిగి వచ్చి ఆ తలుపును పైనుంచి కిందికి చూసింది. "మా ఇంట్లో చూడు, ఓపెన్ కిచెన్ పెట్టించాక ఎంత కళగా ఉందో. తలుపేసుకుని వండటానికి అదేమన్నా దొంగ వంటా?" అంది.

నేను మా ఆయనకే చెప్పాను. "మిగతావన్ని మీ ఇష్టమున్నట్టు చేసుకోండ్రి. నాకు ఆ తలుపు గావాలె."

"ఏమే, లోపల ఏం దాసుకున్నవ్?" అన్నాడు.

ఏం దాచుకున్నానో చెప్పినా అర్థమయ్యేంత బుర్ర ఆయనకు లేదు. మా అమ్మాయి ఒక్కతే నా తరఫున మాట్లాడింది, అమ్మకు ఇష్టం లేదంటే ఎందుకు తీయడమని. చిన్నపిల్లవి, నీకేం తెలుసని దాన్ని కసిరారు. గోడ కూలగొట్టారు. తలుపును ఆడబిడ్డ తన పొలం దగ్గర మోటారు కొట్టానికని ఆటోలో వేసుకుపోయింది.

ఆడబిడ్డ పంపిన ఓపెన్ కిచెన్ ఫొటోలో ఇల్లాలు హాల్లోకి చూస్తూ, నవ్వుతూ వండుతుంది. మా వాస్తు పెద్దమనిషి అది కుదరదన్నాడు, వండే మనిషి తూర్పుకే తిరిగి ఉండాలన్నాడు. మా హాలు వంటింటికి పడమర. అంచేత ఆ నవ్వు పోయి, హాల్లోవాళ్లు చూడటానికి నా వీపు మిగిలింది. ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా సోఫాలో కూర్చుని నా వీపుతో మాట్లాడేది. కూరలో నూనె ఎక్కువైందనేది, నేను లావెక్కానని, జాకెట్టు కుట్లు విప్పించుకోమని చెప్పేది. ఎదుటివాళ్ల మొహం చూడనక్కర్లేకపోతే మనుషులు ఏమైనా అనగలరు.

కొత్త ఇల్లు చూపించడానికి ఆమె ఒకరోజు తన వియ్యంకుల్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ రోజు నేను ఎండుమిరపకాయలు వేయించాను. పచ్చడికి గుప్పెడు చాలు. మూకుడు నిండా పోసి, నల్లగా మాడేదాకా కదపకుండా నిలబడ్డాను. ఘాటు సీలింగు లైట్ల దాకా పోయింది. వియ్యపురాలు దగ్గి దగ్గి పట్టుచీర కొంగుతోనే ముక్కు చీదుకుంది. ఆడబిడ్డ వాకిట్లోకి పరుగెత్తింది. నాకు ప్రాణం హాయిగా ఉండింది. జాలి పడలేదు, ఇప్పటికీ పడను.

ఆ సాయంత్రం మా ఆయన ఎర్రబడ్డ కళ్లతో, "గిట్లయితే కష్టం, ఇగ గీడ తలుపు పెట్టియ్యాల్సిందే" అన్నాడు. గెలిచాననుకున్నాను. రాత్రి ఆయనకు ఇష్టమని పెరుగుపచ్చడి కూడా చేశాను.

వారం తిరక్కుండానే పనివాళ్లు తలుపు తెచ్చారు. అద్దం తలుపు. కిందినుంచి పైదాకా అద్దమే, పక్కకి జరుగుతుంది.

అదే వారం హాల్లో ఏసీ పెట్టించారు. చల్లగాలి పోతుందని ఆ అద్దం ఎప్పుడూ మూసే ఉంచాలి. మంట ఆరిపోతుందని నా వైపు ఫ్యాను లేదు. ఇప్పుడు ఘాటు అవతలికి పోదు, నా మాటా పోదు. నేను మాత్రం నిలువునా కనబడతాను. పిలిస్తే నాకు వినబడదు కాబట్టి అద్దం మీద కొడతారు. మా ఆయన టీవీ రిమోటుతో కొడతాడు, ఆడబిడ్డ ఉంగరంతో. నేను తిరిగి చూస్తే వేళ్లు చూపిస్తారు. రెండు వేళ్లంటే రెండు చాయ్‌లు. బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుంటే మంచినీళ్లు. ఈ సైగలు నేర్చుకోవడానికి నాకు ఎక్కువకాలం పట్టలేదు. కుక్కలు కూడా తొందరగానే నేర్చుకుంటాయి.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం చెల్లెలు మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసింది. అమ్మ బీరువాను మా తమ్ముడి భార్య పాత సామాన్లవాడికి వేసేసిందట, లోపల ఉన్న చీరలతో సహా. ఫోన్ పెట్టేసి, పొయ్యి కట్టేసి, గట్టు పట్టుకుని ఏడ్చాను. ఆపుకోవాలనిపించలేదు. వెనక అద్దం ఉందన్న సంగతి కూడా మరిచిపోయాను.

టకటకమని అద్దం మీద చప్పుడైంది. చెంపలు తుడుచుకోకుండానే తిరిగాను.

మా అమ్మాయి. పక్కన దాని స్నేహితురాలు ఉంది. మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. కాసేపు చూసింది. తరవాత రెండు వేళ్లు చూపించింది.

నేను కదల్లేదు. నాకు అర్థం కాలేదనుకుందేమో, మళ్లీ చూపించింది, ఈసారి నెమ్మదిగా.

పాలగిన్నె అందుకున్నాను.